రక్తశుద్ధి నుంచి రక్త వడపోత దాకా: కాలిన గాయాల చికిత్స - పల్నాటి నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

తీవ్రంగా కాలిన గాయం చర్మంతో మొదలై రక్తానికీ మూత్రపిండాలకూ పాకుతుంది. ఈ సంగతిని వైద్యం ఏ క్రమంలో గ్రహించిందో, రక్తాన్ని దేహం వెలుపల వడపోసే యంత్రం ఎలా రూపొందిందో, కాలిన రోగికి అది ఎంతవరకు ఉపకరిస్తుందో ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. చిలకలూరిపేట వద్ద 1993లోనూ 2024లోనూ జరిగిన రెండు బస్సు దహన ఘటనల వెలుగులో పల్నాటి పరిస్థితిని చర్చిస్తుంది. ఈ చికిత్సకు తెలుగులో వాడుకైన 'రక్తశుద్ధి' అనే మాట రోగి బంధువులకు కలిగించే భావాన్ని విచారించి, 'రక్త వడపోత' అన్న పదబంధాన్ని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కాలిన గాయాలు, రక్తశుద్ధి, రక్త వడపోత, డయాలిసిస్, సుశ్రుతసంహిత, మరణ వాంగ్మూలం, పల్నాడు, చిలకలూరిపేట.

1. ఉపోద్ఘాతం:

పల్నాడు అనగానే సాహిత్య విద్యార్థికి కారెంపూడి రణరంగం, మాచర్ల చెన్నకేశవాలయం, శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద కావ్యం గుర్తుకు వస్తాయి. ఈ నేలకు నిప్పుతో ఉన్న నిత్యసంబంధం మాత్రం పరిశోధకుల దృష్టికి అంతగా రాలేదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మాచర్ల సిమెంటు కర్మాగారం, పొలాల్లో కరెంటు మోటార్లు, నిన్నమొన్నటి వరకు ఇంటింటా ఉన్న కిరసనాయిలు పొయ్యి - ఇవన్నీ బతుకుతెరువుతో పాటు కాలిన గాయాన్ని కూడా ఇచ్చినవే. భారతదేశంలో ఏటా పది లక్షల మందికి పైగా మధ్యస్థంగా గానీ తీవ్రంగా గానీ కాలిన గాయాల పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

కాలిన గాయం గురించి తెలుగులో మాటలకు కొదవ లేదు. చురక, వాత, పొక్కు, బొబ్బ - వీటిలో ప్రతిదానికీ వేరు వేరు తీవ్రత ఉంది. అయితే ఇవన్నీ చర్మానికి సంబంధించిన మాటలు. ఒళ్లంతా కాలిన మనిషి ప్రాణం పోయేది చాలావరకు చర్మం కింద జరిగే మార్పుల వల్ల. ఆ మార్పులకు మన వాడుకలో విడిగా పేరు లేదు. "మాట్లాడుతూనే ఉన్నాడు, అంతలోనే పోయాడు" అని ఆసుపత్రి వరండాలో బంధువులు అనుకునే మాటలో ఈ లోటు కనిపిస్తుంది. మాట్లాడుతున్న మనిషి ఎందుకు పోతాడన్న ప్రశ్నకు సమాధానం వెదికిన క్రమమే ఈ వ్యాసానికి వస్తువు.

2. సుశ్రుతుడు చూసిన కాలిన గాయం:

సుశ్రుతసంహిత సూత్రస్థానంలోని పన్నెండవ అధ్యాయం అగ్నికర్మను గురించినది. వ్యాధి నివారణకు వాత పెట్టే పద్ధతిని వివరిస్తూ, ప్రమాదవశాత్తు కాలిన గాయాలను కూడా అక్కడే చర్చించడం గమనార్హం. ప్లుష్టం, దుర్దగ్ధం, సమ్యగ్దగ్ధం, అతిదగ్ధం అని నాలుగు విధాలుగా ఆ గ్రంథం విభజించింది. రంగు మారి కమిలినది మొదటిది. పొక్కులు లేచి మంట పుట్టేది రెండవది. మరీ లోతుకు పోకుండా సరిగా కాలినది మూడవది. మాంసం వేలాడి, సిరలూ కీళ్లూ దెబ్బతిని, జ్వరం, దాహం, మూర్ఛ కలిగేది నాలుగవది. నేటి వైద్యులు గాయం లోతును బట్టి చేసే విభజనకు ఇది స్థూలంగా దగ్గరగా ఉంది. పొగ పీల్చి ఊపిరాడని వారి లక్షణాలను కూడా ఆ అధ్యాయంలోనే విడిగా చెప్పారు.

ఈ వ్యాసానికి ముఖ్యమైన అంశం మరొకటి ఉంది. అగ్ని వల్ల రక్తం ప్రకోపిస్తుందని, దాని వెంట పిత్తం కూడా ఉద్రేకిస్తుందని, మంట, జ్వరం, దాహం వాటి ఫలితాలేనని సుశ్రుతుడు భావించాడు. దోషసిద్ధాంత పరిభాషను పక్కన పెట్టి చూస్తే, కాలిన గాయం రక్తాన్ని కలతపెడుతుందన్న పరిశీలన ఇందులో ఉంది. దీన్ని నేటి శాస్త్రంతో సమానమని చెప్పడం పొరపాటు. అప్పటివారికి మూత్రపిండం చేసే పని తెలియదు, సూక్ష్మజీవులు తెలియవు. అయినా దాహాన్నీ మూర్ఛనూ గాయం నుంచి విడదీయకుండా చూసిన చూపు విలువైనది.

తరువాతి అధ్యాయం జలగలను గురించినది. చెడురక్తాన్ని తీయడానికి జలగలను ఎలా వాడాలో అందులో ఉంది. రక్తం చెడుతుంది, చెడిన రక్తాన్ని తీయాలి లేదా శుద్ధి చేయాలి అన్న భావన ఇక్కడ స్థిరపడింది. వేప, మంజిష్ఠ, సుగంధపాల వంటి మూలికలను రక్తశోధకాలుగా వాడిన సంప్రదాయం తెలుగునాట నేటికీ ఉంది. గజ్జి, తామర, సెగగడ్డలు లేస్తే "రక్తం చెడింది" అనడం పల్లెల్లో వినిపించే మాటే. 'రక్తశుద్ధి' అన్న పదం ఈ నేపథ్యంతోనే ఆధునిక వైద్యంలోకి వచ్చింది.

3. చర్మం నుంచి రక్తానికి:

ఆధునిక వైద్యం కూడా చాలాకాలం కాలిన గాయాన్ని చర్మవ్యాధిగానే చూసింది. పూతలు, లేపనాలు, కట్లు చికిత్సలో ప్రధానంగా ఉండేవి. ఈ దృష్టిని మార్చినవి ఎక్కువగా సామూహిక అగ్నిప్రమాదాలే. 1921లో అమెరికాలోని న్యూహేవెన్ పట్టణంలో రియాల్టో థియేటర్ తగలబడినప్పుడు ఫ్రాంక్ అండర్‌హిల్ అనే శాస్త్రవేత్త బాధితులను పరిశీలించాడు. పొక్కుల్లో చేరే ద్రవం రక్తరసాన్ని పోలి ఉందని గుర్తించాడు. కాలిన మనిషి ఒంట్లోంచి నీరు, లవణాలు, మాంసకృత్తులు రక్తనాళాలను దాటి బయటికి పోతున్నాయని దీనివల్ల తేలింది. 1942 నవంబరు 28న బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ నైట్‌క్లబ్ దహనంలో 492 మంది మరణించారు. ఆ బాధితుల చికిత్సానుభవం నుంచి గాయం వైశాల్యాన్ని బట్టి ద్రవాలు ఎక్కించే లెక్కలు బలపడ్డాయి.

1968లో టెక్సాస్ రాష్ట్రం డల్లాస్‌లోని పార్క్‌లాండ్ ఆసుపత్రి వైద్యులు చార్లెస్ బాక్స్‌టర్, టామ్ షైర్స్ ప్రతిపాదించిన సూత్రం ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. రోగి బరువు కిలోల్లో, కాలిన చర్మం శాతంలో తీసుకుని, రెంటినీ గుణించి, మళ్లీ నాలుగుతో గుణిస్తే మొదటి 24 గంటల్లో ఎక్కించవలసిన ద్రవం మిల్లీలీటర్లలో వస్తుంది. అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లోనే పోవాలి. 60 కిలోల మనిషికి 40 శాతం కాలితే మొత్తం 9.6 లీటర్లు, మొదటి ఎనిమిది గంటల్లో 4.8 లీటర్లు అవుతుంది. ఆ ఎనిమిది గంటలను ఆసుపత్రిలో చేరిన వేళ నుంచి కాక, కాలిన క్షణం నుంచే లెక్కించాలి. పల్నాటి విషయంలో ఈ నియమానికి ఉన్న ప్రాధాన్యం ఆరవ విభాగంలో స్పష్టమవుతుంది. ద్రవం ఎక్కువైనా ప్రమాదమేనని తరువాతి అనుభవం నేర్పింది. అందువల్ల ఇప్పుడు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, గంటగంటకూ వచ్చే మూత్రాన్ని కొలిచి, దాన్ని బట్టి పెంచడమో తగ్గించడమో చేస్తున్నారు.

మూత్రాన్నే కొలవడానికి కారణం ఉంది. రక్తనాళాల్లో ద్రవం తగ్గితే మూత్రపిండాలకు చేరే రక్తం తగ్గుతుంది. కరెంటు వల్ల కాలినప్పుడు కండరాలు లోపల ఉడికిపోయి, వాటిలోని మయోగ్లోబిన్ రక్తంలో కలుస్తుంది. అది మూత్రపిండాల సన్నని నాళాలకు అడ్డుపడుతుంది. మూత్రం చిక్కటి టీ రంగులో వస్తుంది. ఈ తొలి గండం గడిచినా, రక్షణగా ఉన్న చర్మం పోయినందున కొన్ని రోజులకు సూక్ష్మజీవులు రక్తంలో చేరి మళ్లీ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఒళ్లంతా కాలి, మూత్రపిండాలు కూడా ఆగిన రోగి బతకడం ఒకప్పుడు అత్యంత అరుదు.

4. వడపోత యంత్రం చరిత్ర:

ద్రావణంలోని చిన్న అణువులను పొర గుండా పెద్దవాటి నుంచి వేరుచేసే ప్రక్రియకు 1861లో థామస్ గ్రాహం 'డయాలిసిస్' అని పేరు పెట్టాడు. ఇది అప్పటికి రసాయనశాస్త్రానికి చెందిన విషయం. 1913లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జాన్ ఏబెల్, తన సహచరులతో కలిసి కుక్క రక్తాన్ని గొట్టాల గుండా ప్రవహింపజేసి దానిలోని పదార్థాలను వేరుచేశాడు. గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా ఆయన వాడిన పదార్థం హిరుడిన్. అది జలగల నుంచి తీసినది. చెడురక్తం తీయడానికి ప్రాచీనులు ఆశ్రయించిన ప్రాణే కృత్రిమ మూత్రపిండపు తొలి ప్రయోగంలో మరో రూపంలో ఉపయోగపడడం వైద్యచరిత్రలో ఒక విశేషం.

1924లో జర్మనీలోని గీసెన్‌లో గేయార్గ్ హాస్ మొదటిసారి మనిషికి డయాలిసిస్ చేశాడు. ప్రయోజనకరమైన యంత్రాన్ని తయారుచేసిన ఘనత విల్లెమ్ కోల్ఫ్‌ది. నాజీల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, కాంపెన్ అనే చిన్న పట్టణంలో, మాంసపు సాసేజీలకు తొడిగే సెల్లోఫేన్ గొట్టాన్ని తిరిగే పీపాకు చుట్టి 1943లో ఆయన ఈ యంత్రాన్ని రోగులపై వాడాడు. తొలి రోగుల్లో దాదాపు అందరూ మరణించారు. 1945లో 67 ఏళ్ల స్త్రీ ఒకరు దీనివల్ల కోలుకున్నారు.

డయాలిసిస్‌కూ రక్త వడపోతకూ తేడా ఉంది. ఉప్పులో వేసిన మామిడి ముక్కలోకి ఉప్పు ఎక్కుతుంది, ముక్కలోని నీరు ఊటగా దిగుతుంది. ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి ఉప్పు చేరే ఆ వ్యాపనమే డయాలిసిస్‌కు ఆధారం. వడపోతలో ఒత్తిడి వల్ల నీరు పొరను దాటుతూ, తనతో పాటు వ్యర్థాలను ఈడ్చుకుపోతుంది. కాఫీ ఫిల్టరులో డికాక్షన్ దిగినట్లన్నమాట. మన మూత్రపిండాలు మొదట చేసే పని కూడా ఇదే. పాఠశాల జీవశాస్త్రంలో దీన్ని 'గుచ్ఛ గాలనం' అంటారు. 1977లో జర్మనీలోని గ్యోటింగెన్‌లో పీటర్ క్రామర్ ఈ వడపోతను రోగి పడక పక్కన నిరంతరాయంగా సాగించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. దీర్ఘకాలిక రోగులకు చేసే డయాలిసిస్ సాధారణంగా నాలుగు గంటల్లో ముగుస్తుంది. నిరంతర వడపోత రాత్రింబవళ్లు మెల్లగా సాగుతుంది. రక్తపోటు పడిపోయిన రోగి నాలుగు గంటల వేగాన్ని తట్టుకోలేడు. కాలిన రోగికి నిరంతర పద్ధతి అనువైనది కావడానికి ఇదే ముఖ్యకారణం.

5. కాలిన రోగికి వడపోత - ఆధారాల పరిమితి:

ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల్లో కాలిన సైనికులకు చికిత్స చేసిన టెక్సాస్ శాన్ ఆంటోనియోలోని అమెరికా సైనిక వైద్యకేంద్రం ఈ రంగంలో ముందడుగు వేసింది. మూత్రపిండాలు దెబ్బతిన్న కాలిన రోగులకు నిరంతర వడపోత ప్రారంభించాక మరణాలు తగ్గినట్లు కెవిన్ చంగ్ బృందం 2008, 2009 సంవత్సరాల్లో ప్రకటించింది. అయితే అవి పాత రోగుల వివరాలతో పోల్చి చెప్పిన ఫలితాలు. రోగులను చీటీ పద్ధతిలో రెండు వర్గాలుగా విభజించి చేసిన పరిశోధన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. అందులో అధిక మోతాదు వడపోతను పరీక్షించారు. కిలో బరువుకు గంటకు 70 మిల్లీలీటర్ల చొప్పున 48 గంటలు వడపోశారు. 60 కిలోల మనిషికి ఇది గంటకు 4.2 లీటర్లు, అంటే అతని ఒంట్లోని మొత్తం రక్తానికి దాదాపు సమానం. ఈ చికిత్స పొందినవారిలో రక్తపోటు నిలిపే మందుల అవసరం తగ్గింది. మరణాల్లో మాత్రం చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. పరిశోధనలో చేరినవారు 37 మందే. రోగులు తగినంతగా దొరకక దాన్ని మధ్యలోనే నిలిపివేశారు. కాలిన గాయాలకే పరిమితం కాకుండా, సూక్ష్మజీవుల వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్న రోగులపై జరిగిన ఐవోర్ పరిశోధన కూడా 2013లో అధిక మోతాదు వల్ల అదనపు ప్రయోజనం లేదనే తేల్చింది.

ఈ చికిత్సకు ఇబ్బందులూ ఉన్నాయి. వడపోతలో వ్యర్థాలతో పాటు యాంటీబయోటిక్ మందులు కూడా కొంత పోతాయి కనుక వాటి మోతాదును మళ్లీ లెక్కించాలి. గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తే గాయాల నుంచి రక్తస్రావం పెరగవచ్చు. చర్మం పోయి వేడి నిలుపుకోలేని రోగి రక్తం బయట తిరిగి మరింత చల్లబడుతుంది. పడక పక్కన నర్సు నిరంతరం ఉండాలి. కాబట్టి వడపోత కాలిన గాయాన్ని మాన్పదు. మూత్రపిండాలు కోలుకునే దాకా, చర్మం అతికే దాకా, రోగికి గడువు ఇస్తుంది.

6. పల్నాడు - రెండు బస్సులు:

1993 మార్చి 8 తెల్లవారుజామున హైదరాబాదు నుంచి చిలకలూరిపేట వస్తున్న ఆర్టీసీ బస్సును దోపిడీకి ప్రయత్నించిన ఇద్దరు వ్యక్తులు పెట్రోలు పోసి తగలబెట్టారు. 23 మంది మరణించారు. ఈ కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సాక్ష్యచట్టం చదివే విద్యార్థులకు సుపరిచితం. గాయపడినవారి మాటలను మేజిస్ట్రేట్ నమోదు చేశారు. వారిలో ఇద్దరు బతికి బయటపడ్డారు. అప్పుడు అమలులో ఉన్న 1872 నాటి సాక్ష్యచట్టం 32వ సెక్షన్ ప్రకారం మరణించిన వ్యక్తి మాటకే మరణ వాంగ్మూలంగా విలువ ఉండేది. బతికినవారి వాంగ్మూలం ఆ కోవలోకి రాదని, న్యాయస్థానంలో వారు ఇచ్చే సాక్ష్యాన్ని బలపరచడానికి మాత్రమే పనికివస్తుందని న్యాయస్థానం స్పష్టం చేసింది.

న్యాయశాస్త్రానికి ఇది ఒక సూక్ష్మాంశం. వైద్యచరిత్ర దృష్టితో చూస్తే ఇందులో మరో అర్థం స్ఫురిస్తుంది. తీవ్రంగా కాలిన మనిషి తొలి గంటల్లో తరచు స్పృహతో ఉంటాడు, స్పష్టంగా మాట్లాడతాడు. ఆ గంటల్లో అతని పడక దగ్గరికి మేజిస్ట్రేట్ రావడం మన వ్యవస్థలో రివాజు. వరకట్న వేధింపుల కేసుల్లో ఎందరో స్త్రీల చివరి మాటలు అలా నమోదైనవే. ఆ నమోదు అవసరం, దానివల్లే చాలాచోట్ల న్యాయం జరిగింది. కానీ అవే గంటలు ద్రవం ఎక్కించవలసిన గంటలు, మూత్రపిండాలను కాపాడవలసిన గంటలు. మాట్లాడే మనిషిని చూసి బంధువులు ప్రమాదం లేదనుకుంటారు. వ్యవస్థ అతన్ని చనిపోబోయేవాడిగా భావిస్తుంది. ఈ రెండు అంచనాల నడుమ చికిత్సకు దక్కవలసిన వ్యవధి జారిపోతుంది.

2024 మే 14 అర్ధరాత్రి దాటాక, ఓటు వేసి బాపట్ల జిల్లా చినగంజాం నుంచి హైదరాబాదు తిరిగి వెళుతున్నవారి ప్రైవేటు బస్సు చిలకలూరిపేట సమీపంలో టిప్పరును ఢీకొని తగలబడింది. ఆరుగురు మరణించారు. ఈ రెండు ఘటనల మధ్య 31 ఏళ్లలో చాలా మార్పులు వచ్చాయి. 1999లో దీపం పథకం ద్వారా పేద మహిళల ఇళ్లకు గ్యాసు చేరింది. 2005లో 108 వాహనాలు మొదలయ్యాయి. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ తొలి జాబితాలోనే మూత్రపిండాల వైఫల్యం, కాలిన గాయాలు రెండూ చోటు చేసుకున్నాయి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది.

దూరం మాత్రం మారలేదు. పల్నాటివారికి తరతరాలుగా పెద్దాసుపత్రి అంటే గుంటూరు ప్రభుత్వాసుపత్రే. నరసరావుపేట నుంచి అది సుమారు 45 కిలోమీటర్లు. మాచర్ల నుంచి నూరు కిలోమీటర్లకు పైనే. మూడవ విభాగంలో చెప్పిన 60 కిలోల మనిషి మాచర్ల దగ్గర పొలంలో కాలాడనుకుందాం. వెంటనే సెలైను పెడితే గంటకు 600 మిల్లీలీటర్లు సరిపోతుంది. ప్రయాణంలోనూ నిరీక్షణలోనూ మూడు గంటలు ఏ ద్రవమూ లేకుండా గడిస్తే, మిగిలిన ఐదు గంటల్లో గంటకు 960 మిల్లీలీటర్లు పోవాలి. ఆ మూడు గంటలు మూత్రపిండాలు ఎండిపోయి ఉంటాయి. తరువాత ఎంత గొప్ప వడపోత యంత్రాన్ని తగిలించినా ఆ నష్టాన్ని పూర్తిగా పూడ్చడం కష్టం. గురజాలలోనో మాచర్లలోనో మొదట చూసిన వైద్యుడు పెట్టిన సెలైను సీసా, రాసి పంపిన కాలిన సమయం, ఈ లెక్కలో వడపోత యంత్రం కన్నా ముందు వస్తాయి.

7. మాట సంగతి:

పత్రికల్లో, ఆసుపత్రి బోర్డుల్లో డయాలిసిస్‌కు 'రక్తశుద్ధి' అన్న పదం స్థిరపడింది. జనం వాడుకలో "కిడ్నీలు కడుగుతారు", "రక్తం మారుస్తారు" అన్న మాటలు కూడా ఉన్నాయి. దీర్ఘకాలిక రోగి విషయంలో వీటివల్ల పెద్ద నష్టం లేదు. వారానికి రెండుమూడు సార్లు వెళ్లే రోగికి ఆ పని ఏమిటో అనుభవం చెబుతుంది. కాలిన రోగి బంధువుకు ఆ అవకాశం లేదు. ఒక్క రాత్రిలో, ఒక్క సంతకంతో నిర్ణయించుకోవాలి. రెండవ విభాగంలో చూసినట్లు 'రక్తశుద్ధి' అన్న మాటకు చెడిన రక్తం బాగుపడి రోగం నయమవుతుందన్న పూర్వార్థం ఉంది. ఆ అర్థంతోనే విన్న బంధువు, శుద్ధి అయిపోయింది కనుక ఇక బతుకుతాడని నమ్ముతాడు. పొలం తాకట్టు పెట్టి డబ్బు తెస్తాడు. రోగి మరణిస్తే శుద్ధి సరిగా చేయలేదనుకుంటాడు.

'వడపోత' ఈ విషయంలో నిజాయితీ గల మాట. కషాయం వడగట్టే ఇంట్లో పుట్టిన పదం. వడపోత వల్ల మడ్డి పోతుందే గాని కషాయం మరొకటి కాదన్న సంగతి అందరికీ తెలుసు. "మూత్రపిండాలు పని మొదలుపెట్టే దాకా రక్తాన్ని యంత్రంతో వడపోస్తాం, దీనితో గాయం మానదు" అని చెబితే గురజాల రైతుకైనా, నరసరావుపేట కళాశాల విద్యార్థికైనా ఒకే అర్థం అందుతుంది.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

- కాలిన గాయం రక్తాన్ని కలతపెడుతుందన్న గుర్తింపు సుశ్రుతుని నాటికే ఉంది. దాని భౌతిక కారణాలు మాత్రం ఇరవయ్యవ శతాబ్దపు అగ్నిప్రమాదాల అధ్యయనంతోనే తెలిశాయి.

- నిరంతర రక్త వడపోత మూత్రపిండాలు దెబ్బతిన్న కాలిన రోగికి గడువును ఇచ్చే చికిత్స. అధిక మోతాదు వల్ల ప్రాణాలు ఎక్కువగా నిలుస్తాయని ఇంతవరకు రుజువు కాలేదు.

- పల్నాడు వంటి ప్రాంతంలో ఈ చికిత్స ఫలితం చాలావరకు మొదటి గంటల్లో దగ్గరి ఆసుపత్రిలో జరిగే పనిపై ఆధారపడి ఉంటుంది.

- 'రక్తశుద్ధి' బదులు 'రక్త వడపోత' అన్న మాట వాడితే రోగి బంధువులు ఇచ్చే అంగీకారం తెలిసి ఇచ్చినదవుతుంది.

1993 నాటి బస్సు నుంచి బయటపడిన ఇద్దరి మాటలు మరణ వాంగ్మూలం కాలేకపోయాయి. చట్టం దృష్టిలో సాక్ష్యంగా వాటి విలువ తగ్గింది. వారు బతికారు కనుకనే తగ్గింది. కాలిన మనిషి నోట వచ్చిన మొదటి మాటలు అతని చివరి మాటలు కాకుండా చూడడమే వైద్యుని పని. ఆ పనిని జనానికి అర్థమయ్యే మాటల్లో చెప్పే బాధ్యత భాషాధ్యాపకులది కూడా.